పాల డబ్బా ముందు వేసిన సున్నా: ఒక బిడ్డ మొదటి ఏడాది బడ్జెట్ కేసు

కుటుంబాల డబ్బు లెక్కలు కూర్చుని చూసిపెట్టడం నా పని. హైదరాబాద్‌లో ఉంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నెల జీతం మీద బతికేవాళ్ళే, ఇద్దరూ ఉద్యోగం చేస్తూ, ఒక చీటీ, ఒకటి రెండు ఈఎంఐలు, ఊళ్ళో తల్లిదండ్రులు, ఇలా ఉండే ఇళ్ళు. ఈ కేసు 2023 నాటిది. వాళ్ళు రాయమన్నాకే రాస్తున్నాను. పేర్లు మార్చాను, ఊర్లు చెప్పడం లేదు, అంకెలు దగ్గరదగ్గరగా ఉండేలా గుండ్రం చేశాను. రాయడానికి కారణం ఒకటే. ఇందులో నేను వేసిన మొదటి బడ్జెట్ కాగితం మీద ఎంతో బాగుంది, అయినా బిడ్డ పుట్టిన రెండు నెలల్లో ఇల్లు అప్పులో పడింది.

ఇంటి పరిస్థితి

ప్రవీణ్‌కి అప్పుడు 31 ఏళ్ళు. గోడౌన్లు, సరుకు రవాణా చూసే కంపెనీలో సూపర్‌వైజర్, చేతికి నెలకు 48,000. శ్రావణి ఒక చిన్న ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తుంది, చేతికి 24,000. ఆ సంస్థలో పాతికమంది దాకా ఉంటారు. మొత్తం 72,000. అద్దె 15,000, చీటీ 10,000, బైకు ఈఎంఐ 3,800, సరుకులు, పాలు, కూరలు 14,000, కరెంటు, గ్యాస్, ఫోన్లు, ఇంటర్నెట్ 4,200, పెట్రోలు 5,000, ప్రవీణ్ వాళ్ళ అమ్మానాన్నలకు 5,000, బట్టలు, బయట తిండి, మిగతావన్నీ 7,000. కలిపితే 64,000. నెలకు 8,000 మిగులుతోంది, బ్యాంకులో 1,10,000 ఉంది. చీటీ 5 లక్షలది, 50 నెలలు, అప్పటికి 22 నెలలు కట్టారు, ఇంకా పాడలేదు.

శ్రావణికి ఐదో నెలలో వచ్చారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి, చాలామంది డెలివరీ అయ్యాక వస్తారు.

వాళ్ళు తెచ్చిన సమస్య

ఒక లిస్టు తెచ్చారు, శ్రావణి చేతిరాత, ఎంతో శుభ్రంగా. డెలివరీ 80,000. డైపర్లు నెలకు 2,500 చొప్పున 30,000. టీకాలు 40,000. ఉయ్యాల, స్ట్రోలర్, బట్టలు, మిగతా సామాను 45,000. డాక్టర్ ఫీజులు 12,000. పాలు, తిండి 18,000. ఇతరాలు 15,000. మొత్తం 2,40,000. "మేడమ్, దీన్ని 12తో భాగిస్తే నెలకు 20,000. మాకు మిగిలేది 8,000. ఎలా?" అన్నది ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్నని నేను అలాగే తీసుకున్నాను. అదే నా మొదటి తప్పు, కాకపోతే ఆ రోజు నాకది తప్పులా కనిపించలేదు.

మొదట చేసింది

రెండు వైపుల నుంచీ పట్టుకున్నాం. ఇంటి ఖర్చులో 6,000 తగ్గించడానికి ఒప్పుకున్నారు. అప్పుడు నెలకు 14,000, ఏడాదికి 1,68,000 వస్తుంది. ఇక లిస్టుని 2,40,000 నుంచి అక్కడికి దించాలి.

టీకాల్లో ఎక్కువ దొరికింది. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో, హెపటైటిస్ బి నుంచి, 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్, రోటా, న్యుమోనియాకి వేసే పీసీవీ, 9 నెలలకు వేసే ఎంఆర్ దాకా అన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. పీసీవీ 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారనే సంగతి చాలామందికి తెలియదు, ప్రైవేటులో వీళ్ళకు చెప్పిన రేటు ఒక్క డోసుకు 3,800. కానీ ఏ టీకా వేయించాలో చెప్పడం నా పని కాదు, అందుకే పిల్లల డాక్టరునే అడిగి రమ్మన్నాను. ప్రభుత్వ టీకాలతో ఏ ఇబ్బందీ లేదు, అవి కాక అదనంగా ఒకటి రెండు కావాలంటే మా దగ్గర వేయించుకోండి అన్నారు ఆయన. 40,000 కాస్తా 12,000 అయింది.

స్ట్రోలర్ తీసేశాం. వాళ్ళ వీధిలో అది నడిపే ఫుట్‌పాత్ ఎక్కడుంది? ఉయ్యాల శ్రావణి వాళ్ళ అక్క దగ్గర ఉంది. సామాను 20,000కి వచ్చింది. పగలు పాత నూలు చీరల గుడ్డలు, లంగోటీలు, రాత్రికీ ప్రయాణానికీ మాత్రం డైపర్లు అనుకున్నాం, 16,000. ఇతరాలు 10,000. లెక్క సరిగ్గా 1,68,000కి అతికింది. బ్యాంకులో ఉన్నది ముట్టుకోకుండా అత్యవసరానికి ఉంచాం.

డబ్బా పాల వరుస కూడా ఒకటి పెట్టాను. మొదటి ఆరు నెలలు తల్లిపాలే కదా అని అక్కడ సున్నా వేశాను. శ్రావణి తల ఊపింది.

జీతం గురించి కూడా అడిగాను. ప్రసూతి సెలవుకి జీతం ఇస్తారా అంటే "ఇస్తారట మేడమ్" అంది. నేను ఆ నెలల్లో కూడా 24,000 రాసేశాను. ఆ 'ట' దగ్గర ఆగి ఉండాల్సింది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, కాగితం మీద ఉందా, ఏ తారీఖున పడుతుంది, ఈ నాలుగూ అడగడానికి రెండు నిమిషాలు పట్టేది. అడగలేదు.

డెలివరీ 80,000 అన్నది మామూలు కాన్పుకి ఆసుపత్రి చెప్పిన ప్యాకేజీ. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 శాతం పైనే. ఈ అంకెలు నాకు తెలుసు. తెలిసీ ఆ గడి మార్చలేదు, సిజేరియన్ అని రాస్తే కడుపుతో ఉన్న అమ్మాయి భయపడుతుందేమో అని. ఇప్పుడు ఆలోచిస్తే, భయపడుతుందని అంకె దాచడం ఆమెకు సాయం కాదు.

ఎక్కడ కూలింది

డెలివరీకి ముందు నాలుగు నెలల్లో 56,000 దాచాలి. స్కాన్లు, పరీక్షలు, మందులు మా లిస్టులో లేనే లేవు కాబట్టి 40,000 దాచగలిగారు. బ్యాంకులో 1,50,000 అయింది.

కాన్పు సిజేరియన్ అయింది. బిల్లు 1,45,000. ప్రవీణ్ కంపెనీ ఇన్సూరెన్స్‌లో ప్రసూతికి పరిమితి 50,000, అంటే చేతి నుంచి 95,000. పాపకి కామెర్లు ఉన్నాయని మూడు రోజులు లైటు కింద పెట్టారు. అది వేరే బిల్లు, 26,000, పాప పేరు ఇన్సూరెన్స్‌లో ఇంకా లేదు కాబట్టి అదీ చేతి నుంచే. ఐదు రోజుల్లో 1,21,000 పోయి 29,000 మిగిలింది.

తర్వాత శ్రావణి పుట్టింటికి వెళ్ళింది, గుంటూరు వైపు ఒక ఊరు. 21వ రోజు బారసాల. మా లిస్టులో బారసాల అనే మాటే లేదు. వీళ్ళ వాటా 40,000 అయింది, బ్యాంకులో ఉన్నది సరిపోక క్రెడిట్ కార్డు గీశారు.

ఇక జీతం. సెలవు మొదలైన నెల నుంచే ఆగిపోయింది. అడిగితే "మళ్ళీ డ్యూటీలో చేరాక మొత్తం ఒకేసారి ఇస్తాం" అన్నారట. అంటే 48,000 ఆదాయం మీద 58,000 ఇంటి ఖర్చు, పైన పాప ఖర్చు. నెల నెలా 20,000 దాకా లోటు. పాపకి రెండు నెలలు నిండేసరికి బ్యాంకులో ఏమీ లేదు, కార్డు మీద 38,000 బాకీ, దానికి నెలకు 3.5 శాతం వడ్డీ.

ప్రవీణ్ ఫోన్ చేశాడు. "మేడమ్, చీటీ ఎత్తేద్దామనుకుంటున్నాం, ఈ నెల పాటలో పాడేస్తాను" అన్నాడు. ఒక్క వారం ఆగమని, కాగితాలన్నీ తీసుకుని రమ్మన్నాను.

రెండోసారి కూర్చున్నప్పుడు బయటపడ్డవి

ఆ రోజు ప్రవీణ్ నా ఎదురుగా ఉన్నాడు, శ్రావణీ వాళ్ళమ్మగారూ వీడియో కాల్‌లో ఉన్నారు. వరుసగా ఖర్చులు చదువుతూ డబ్బా పాల దగ్గరికి వచ్చి, "ఇక్కడ సున్నా, సరేనా" అన్నాను. అవతల నిశ్శబ్దం. తర్వాత వాళ్ళమ్మగారే అన్నారు: "అమ్మా, డబ్బాలు మేం కొంటున్నాం. అల్లుడికి చెప్పొద్దంది అమ్మాయి."

ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో పాలు సరిగ్గా పడలేదు, ఆసుపత్రిలోనే డబ్బా పాలు మొదలయ్యాయి, ఇంటికొచ్చాక ఆపలేకపోయారు. నెలకు ఐదు డబ్బాలు, 2,300 దాకా. డబ్బు పెద్దదేమీ కాదు. కానీ శ్రావణి ఏడుస్తూ అన్న మాట నేను మరచిపోలేదు. "మీరు అక్కడ సున్నా వేశారు కదా మేడమ్, ప్రతిసారీ ఆ గడే గుర్తొచ్చేది." నేను ఖర్చు గడి అనుకుని వేసింది, ఆమెకు పరీక్షలో వచ్చిన మార్కులా కనిపించింది. బాలింత, నిద్ర లేదు, కుట్లు మానలేదు, అందరూ పాలు పడ్డాయా అని అడిగేవాళ్ళే, దానికి తోడు నా ఎక్సెల్ షీటు కూడా అదే అడిగింది.

ఆ గడి ఒక్కటి తెరుచుకున్నాక మిగతావీ తెరుచుకున్నాయి. బారసాలకు వాళ్ళ నాన్నగారు 45,000 పెట్టారు, వెండి మొలతాడు, గజ్జెలు, గిన్నెకి ఇంకో 15,000. తొలి కాన్పు పుట్టింటి బాధ్యత అన్నది ఆయన పట్టుదల. ఆ 60,000 ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు, అంటే నెలకు 1,200. అల్లుడికి తెలియదు, కూతురికి సగం తెలుసు. ప్రవీణ్ ముఖం చూస్తే బాధేసింది. "మామయ్యగారు అప్పు చేశారని తెలిస్తే అంత చేయనిచ్చేవాడినా" అన్నాడు. చేయనిచ్చేవాడు కాదు, అందుకే ఆయన చెప్పలేదు.

నేను వేసిన పట్టికలో అంకెలు తప్పు కాదు. ఎవరూ నోరు తెరిచి చెప్పుకోలేని ఖర్చులకి అందులో చోటు లేదు, అంతే. సిజేరియన్ అని నేను అనలేకపోయాను, డబ్బా పాలు అని శ్రావణి అనలేకపోయింది, అప్పు అని వాళ్ళ నాన్నగారు అనలేకపోయారు, జీతం ఎప్పుడిస్తారు అని ఆఫీసులో ఎవరూ గట్టిగా అడగలేకపోయారు.

చీటీయా, బంగారమా

ముందు అప్పు సంగతి తేల్చాలి. చీటీ అప్పటికి 28వ నెల. పాట 1,10,000 తగ్గింపు దగ్గర నడుస్తోంది, అంటే చేతికి 3,90,000 వస్తాయి. అదే 40వ నెల దాకా ఆగితే తగ్గింపు 50,000 దగ్గరికి దిగుతుందని పాత పాటలు చూసి అంచనా వేశాం. అంటే ఇప్పుడు ఎత్తితే అదనంగా పోయేది 60,000. వీళ్ళకి కావలసింది ఎంత? కార్డు 38,000, మామగారి అప్పు 60,000, చేతిలో కొంత ఊపిరి కోసం 42,000, మొత్తం 1,40,000. మిగిలే 2,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే ఏడాదికి 17,000 చిల్లర వస్తుందనుకున్నా, 1,40,000 కోసం 42,000 పైన పోగొట్టుకుంటున్నట్టే.

బ్యాంకులో బంగారం మీద అప్పు 9.5 శాతానికి దొరికింది, నెలకు వడ్డీ 1,100. ఏడాదికి 13,300. లెక్క ప్రకారం ఆలోచించాల్సిందే లేదు. కానీ బాలింత ఒంటి మీది బంగారం కుదువ పెట్టడం అంటే ఇంట్లో ఒప్పుకునే మాట కాదు. నేను ఒత్తిడి చేయలేదు. రెండు దారులూ కాగితం మీద పక్కపక్కన రాసి చూపించి, ఇద్దరూ రాత్రికి మాట్లాడుకోమన్నాను. నాకు ఇంకో భయం కూడా ఉంది, అదీ దాచకుండా ప్రవీణ్‌కి చెప్పాను: నాలుగు లక్షలు ఒక్కసారి ఇంట్లోకి వస్తే అవి మొదటి పుట్టినరోజు ఫంక్షన్ హాలు దాకా నడుచుకుంటూ వెళ్తాయి. పైగా చీటీ పాడుకున్నాక జామీనుదారులను తెచ్చి డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది, కార్డు వడ్డీ అప్పటిదాకా ఆగదు.

మర్నాడు శ్రావణే ఫోన్ చేసింది. "రెండు గాజులు, గొలుసు పెడతాం మేడమ్. నాన్న అప్పు ముందు తీర్చాలి." తీర్చారు. ఆయన తీసుకోనంటే, "మీకు కాదు మామయ్యగారూ, వడ్డీవాడికి" అని ప్రవీణ్ స్వయంగా ఊరు వెళ్ళి నోటు రద్దు చేయించి వచ్చాడు. 1,200 వడ్డీ పోయి 475 అయింది, అదీ ఒక లాభమే, కానీ ఆ ఇంట్లో మామా అల్లుళ్ళు మొదటిసారి డబ్బు గురించి మాట్లాడుకున్నారు, దానికి నేను వెల కట్టలేను.

ఆగిన డబ్బు రాబట్టడం

పాప ఆసుపత్రి బిల్లు 26,000 పోయినట్టే అనుకున్నారు. పాలసీ కాగితం తీసి చదివితే, బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు తెలియజేస్తే పుట్టిన రోజు నుంచే కవర్ ఉంటుందని ఉంది. గడువు దాటిందేమో అని గుండె ఆగినంత పనైంది. అదృష్టం కొద్దీ ప్రవీణ్ 24వ రోజున హెచ్‌ఆర్‌కి పాప పేరు చేర్చమని మెయిల్ పెట్టి ఉన్నాడు, దానికి జవాబు రాలేదని వదిలేశాడు. ఆ మెయిలే ఆధారంగా క్లెయిమ్ మళ్ళీ వేయించాం. రెండు నెలలకు డబ్బు వచ్చింది. జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితంగా అయిపోవడం కూడా ఇక్కడ ఉపయోగపడింది, ధృవపత్రం చేతిలో ఉంది కాబట్టి కాగితాల కోసం తిరగలేదు.

జీతం సంగతి కొంచెం కష్టం. అప్పటికి అమల్లో ఉన్నది 1961 ప్రసూతి ప్రయోజన చట్టం, 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు. పదిమంది, ఆ పైన ఉద్యోగులున్న సంస్థకి వర్తిస్తుంది, అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. డబ్బు ఎప్పుడివ్వాలో కూడా చట్టంలో ఉంది: కాన్పుకి ముందు కాలానిది ముందుగానే, తర్వాత కాలానిది కాన్పు అయినట్టు ఆధారం చూపిన 48 గంటల్లో. తిరిగి చేరాక ఇస్తాం అనే మాటకి అందులో చోటు లేదు. శ్రావణి నెల జీతం ఈఎస్ఐ (తక్కువ జీతాల ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే బీమా) పరిమితి 21,000 దాటింది కాబట్టి ఇచ్చే బాధ్యత నేరుగా సంస్థదే.

చట్టం మన వైపు ఉంది కదా అని లాయర్ నోటీసు పంపిద్దాం అన్నాడు ప్రవీణ్. శ్రావణి వద్దంది, మళ్ళీ అదే టేబుల్ దగ్గర కూర్చుని పని చేయాల్సింది తను. నాకు ఆమె మాటే సరైనదనిపించింది. ఆమె పేరుతో ఒక మర్యాదైన దరఖాస్తు రాశాం, సెలవు తారీఖులు, కాన్పు ధృవపత్రం, చట్టంలో ఆ సెక్షన్ నంబరు ఒక్క వాక్యంలో, "నెలవారీగా ఇచ్చినా నాకు సమ్మతమే" అని చివర. అంతకుముందు ఆమె సెలవు నోటిమాటగానే అడిగింది, కాగితం అదే మొదటిది. మూడు వారాల్లో ఆగిన మూడు నెలల జీతం 72,000 పడింది, తర్వాత ప్రతి నెలా పడింది. చట్టం ప్రకారం ఒకేసారి రావాల్సింది కదా అని నన్ను కొందరు అడిగారు. నిజమే. ఆమెకు హక్కుతో పాటు ఆ ఉద్యోగం కూడా కావాలి, అందుకే అలా రాశాం.

పట్టిక తీసేసి గోడ క్యాలెండర్

ఎక్సెల్ షీటు ఆపేశాను. వాళ్ళింట్లో పంచాంగం ఉండే గోడ క్యాలెండర్ తెప్పించి, ఏ తారీఖున డబ్బు వస్తుందో, ఏ తారీఖున పోతుందో దాని మీదే పెన్సిలుతో రాయమన్నాను. నెలకు 14,000 అనే సగటు అంకె ఏ నెలలోనూ నిజం కాదు. పసిబిడ్డ ఖర్చు ఒక నెల 6,000, ఇంకో నెల 60,000. మనం కనిపెట్టాల్సింది ఆ పెద్ద రోజుల్ని. వీళ్ళకి అప్పుడు ముందున్నవి మూడు: శ్రావణి తిరిగి ఉద్యోగంలో చేరే రోజు, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు.

ఉద్యోగంలో చేరే రోజు గురించి మొదటి లిస్టులో ఒక్క రూపాయి లేదు! 26 వారాల్లో మూడు కాన్పుకి ముందే పోయాయి కాబట్టి పాపకి 23 వారాలు నిండగానే సెలవు అయిపోతుంది. పూర్తి రోజు ఆయాకి 13,000 అడుగుతున్నారు. శ్రావణి జీతంలో ఆయా పోను 11,000, బస్సు ఛార్జీలు పోను ఇంకా తక్కువ. "ఇంత దానికి మానేయడమే నయం కదా" అన్నది ఇంట్లో చాలామంది మాట. ఇక్కడ నేను గట్టిగానే మాట్లాడాను. ఆయా జీతాన్ని తల్లి జీతంలోంచే ఎందుకు తీసేయాలి? పాప ఇద్దరిదీ అయినప్పుడు ఆ 13,000 మొత్తం 72,000లోంచి పోతుంది. ఇంకా ఏడాది, రెండేళ్ళు మానేస్తే ఆమె మళ్ళీ 24,000 దగ్గర చేరగలదా, పీఎఫ్ సంగతేంటి అని చూస్తే, మానేయడం వల్ల మిగిలేది అసలు ఏమీ కనిపించలేదు.

చివరికి అమ్మమ్మ, నాయనమ్మ నెలకొకరు చొప్పున వచ్చేలా, పగలు సగం రోజు ఆయా ఉండేలా అనుకున్నారు, ఆయాకి 7,000. ఇంకో 3,000 వరుస నేను పెట్టించాను, 'పెద్దవాళ్ళ చేతి ఖర్చు' అని. బీపీ మాత్రలు, ఊరికి బస్సు, గుడికి ఆటో. అమ్మమ్మగారు అల్లుడిని అడగలేరు, అడగలేక మాత్రలు ఒక పూట మానేసిన ఇళ్ళు నేను చూశాను. ఒకటో తారీఖున అడగకుండానే కవర్లో పెట్టి ఇవ్వాలి, అదే షరతు.

పాల వరుసలో అంకె తీసేసి 'ఎంతైతే అంత' అని రాశాం. పాల గురించి నేను బడ్జెట్ మాట్లాడటం మానేశాను. డాక్టరు చెప్పిన మీదట పాలిచ్చే పద్ధతి నేర్పే కౌన్సెలర్‌ని ఒకసారి కలిశారు, 1,000 ఫీజు, నాలుగో నెలకి డబ్బాలు రెండుకి తగ్గాయి. తగ్గకపోయినా ఆ వరుస అలాగే ఉండేది.

అన్నప్రాశన ఆడపిల్లకి బేసి నెలలో చేస్తారు కాబట్టి ఐదో నెలా, ఏడో నెలా అన్న చర్చ వచ్చింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, అవి చాలకపోతే డబ్బా పాలు తప్ప వేరే ఏదీ వద్దని డాక్టరు అన్నారు, ఏడో నెల అయితే శాస్త్రానికీ సరిపోతుంది, డాక్టరు మాటకీ సరిపోతుంది. గుళ్ళో చేశారు, 9,000 అయింది. ఆ తర్వాత ఇంట్లో వేయించి పట్టిన ఉగ్గు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, ఇంట్లో వండిందే మెత్తగా చేసి పెట్టడం, తిండి ఖర్చు లిస్టులో అనుకున్నంత కూడా కాలేదు.

పుట్టినరోజు మాత్రం అంత సాఫీగా జరగలేదు. ప్రవీణ్ వాళ్ళ అన్నయ్య కొడుక్కి ఫంక్షన్ హాల్లో చేశారు, నాయనమ్మగారికి ఈ పాపకీ అలాగే చేయాలని. హాలు, భోజనాలు, డెకరేషన్, ఫొటోలు కలిపి 1,80,000 అంచనా వచ్చింది. పాపకి నాలుగో నెలలోనే నాయనమ్మ తాతయ్యలనీ, అమ్మమ్మ తాతయ్యలనీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టమన్నాను. 'వద్దు' అని మొదలుపెట్టొద్దు, 'మా దగ్గర 32,000 ఉంటుంది, ఇందులో ఏం చేద్దాం' అని అడగమన్నాను. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద యాభై మందికి అని తేలింది. చివరికి 41,000 అయింది.

మధ్యలో ఒక ఏజెంటు పాప పేరు మీద ఏడాదికి 36,000 ప్రీమియం పాలసీ పట్టుకొచ్చాడు. సంపాదించే ప్రవీణ్ మీద ఒక్క టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే బీమా) లేదు. ముందు ఆయన మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ తీయించాను, ఏడాదికి 11,000. ఆడపిల్లల పొదుపు కోసం ఉన్న సుకన్య సమృద్ధి ఖాతా 250తో కూడా తెరవచ్చు, పాపకి పదేళ్ళు వచ్చేదాకా తెరవచ్చు, బంగారం విడిపించే ముందు దానికి తొందర లేదన్నాను. పదో నెలలో 1,000తో తెరిచారు.

ఏడాది చివర లెక్క

లిస్టులో ఉన్న వస్తువులకి, అంటే కాన్పు (ఇన్సూరెన్స్ పోను 95,000), డైపర్లు, టీకాలు, సామాను, డాక్టరు, పాలూ తిండికి కలిపి 1,69,500 అయింది. నేను వేసిన 1,68,000కి దాదాపు అతికినట్టే! లిస్టులో లేనివి మాత్రం 2,31,000: బారసాల, వెండి కలిపి లక్ష, ఆయాకి 49,000, పెద్దవాళ్ళ చేతి ఖర్చు 21,000, అన్నప్రాశన 9,000, పుట్టినరోజు 41,000, బంగారం అప్పు వడ్డీ 11,000. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను. డైపర్ ఏ కంపెనీది కొనాలి, స్ట్రోలర్ వద్దా అని రెండు గంటలు ఖర్చుపెట్టాం మొదటి రోజు. పాపని పగలు ఎవరు చూస్తారు అని ఒక్క నిమిషం అడగలేదు.

అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే దంపతులతో మొదటిసారి కూర్చునే పద్ధతి మార్చాను. సామాన్ల లిస్టు చివర్లో చూస్తాను. ముందు జీతం ఏ తారీఖున పడుతుందో కాగితం చూపించమంటాను, కాన్పు ఖర్చు సిజేరియన్ లెక్కనే వేస్తాను, ఎందుకో ఆ అమ్మాయికి నెమ్మదిగా చెప్పి వేస్తాను. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఏం పెడుతున్నారు, అది ఎక్కడి నుంచి తెస్తున్నారు అని అడుగుతాను. కొందరికి ఈ ప్రశ్న నచ్చదు, "అది వాళ్ళ ఇష్టం కదండీ" అంటారు. అయినా అడుగుతాను. ఒక్కోసారి భార్యనీ భర్తనీ విడివిడిగా పది నిమిషాలు మాట్లాడమంటాను, ఒకరి ముందు ఒకరు చెప్పలేనివి అప్పుడు వస్తాయి.

పాప పుట్టినరోజు నాటికి బంగారం అప్పు ఇంకా 95,000 ఉంది. చీటీ 41వ నెలలో పాడారు, 4,52,000 వచ్చింది. గాజులూ గొలుసూ విడిపించుకుని శ్రావణి నాకు ఫొటో పంపింది, పాప ఆ గాజు నోట్లో పెట్టుకుని ఉంది. నాయనమ్మగారికి మాత్రం టెర్రస్ మీద చేసిన పుట్టినరోజు ఇప్పటికీ మనసులో ఉందట. మొన్న ప్రవీణ్ చెప్పాడు.